పాల వ్యాను ఇంజన్ వేసిన ఫియట్ కారు

2025 ఫిబ్రవరి 11, మంగళవారం ఉదయం పదిన్నరకు, ప్రొద్దుటూరు ఊరి చివర జమ్మలమడుగు రోడ్డు మీద, అమీర్ బాషా గారి ఫియట్ కారును తనిఖీ అధికారులు ఆపారు. పది నిమిషాల్లో గొలుసు కట్టి లాక్కుపోయారు. రసీదు ఇవ్వలేదు. కారణం రాసివ్వలేదు. ఆయన చెప్పబోయింది వినలేదు. ఏప్రిల్ 5న ఆ కారును ఇంజన్‌తో సహా కోసి తుక్కుగా అమ్మేస్తామని మాత్రం యార్డు గేటుకు ఒక కాగితం అంటించారు. ఈ నాలుగు తప్పులకూ నా దగ్గర సాక్షులున్నారు.

ఐదో తప్పు అమీర్ బాషా మామది. నేను ఆయన న్యాయవాదిని కాబట్టి దాన్ని ముందే ఒప్పుకుంటున్నాను. ఏ బండికైనా దాని సొంత ఇంజన్ ఉండటం ఆయనకు గిట్టదు. ఊరివాళ్ల బండ్లు బాగుచేసేటప్పుడు ఆయనంత నియమస్థుడు ఈ తాలూకాలో లేడు. ఒక నట్టు తీస్తే అదే నట్టు అదే చోట బిగిస్తాడు. కానీ తన మెకానిక్ షెడ్డు వెనక ఆయన సొంతానికి తొమ్మిది పాత బండ్లున్నాయి. ఆ తొమ్మిదింటిలో ఒక్కదానిలోనైనా దాని ఇంజన్ లేదు. అంబాసిడర్‌లో ట్రాక్టర్ ఇంజన్. మారుతీ వ్యానులో ఆటో ఇంజన్. జీపులో, బావి మీద నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్.

ఆ జీపులో ప్రయాణం చేసినవారిలో పులివెందుల సుబ్బరత్నమ్మ గారు ముఖ్యులు. మనవరాలి శ్రీమంతానికని పులివెందులలో ఎక్కితే ప్రొద్దుటూరు చేరేసరికి బారసాల కూడా అయిపోయిందని ఆమె ఇప్పటికీ చెబుతారు. ఇది అతిశయోక్తి. రికార్డు కోసం చెబుతున్నాను: ఉదయం బయలుదేరి సాయంత్రానికి చేరారు. ముద్దనూరు దాటాక ఒక గొర్రెల మంద జీపును దాటి ముందుకు పోయింది, అంతే.

"బాషా, నేను దిగి నడుస్తా. నువ్వు నిదానంగా రాప్పా," అన్నారట ఆమె.

"దిగొద్దక్కా! నువ్వు దిగితే బరువు తగ్గి బండి జోరుగా పోతాది. మళ్లీ నీకు అందదు."

ఫియట్ సంగతి దీనికి పూర్తిగా తిరగేసిన సంగతి. అది చిన్న కారు, పెట్రోలు కారు, నాజూకైన కారు. దాని ముందు భాగంలో మామ ఒక పాల వ్యాను డీజిల్ ఇంజన్‌ను కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టాడు అనడం సరికాదు, ఇరికించాడు. ఆ బరువుకు కారు ముక్కు నేలకు వంగి, రోడ్డు మీద జారిపోయిన ముక్కుపుడక వెతుకుతున్నట్టు ఎప్పుడూ కిందికే చూస్తుండేది.

"ఒకటో గేరులో ఇంజన్ పోతాది పాపా, కారు రాదు," అని ఆయనే నాకు విశదీకరించాడు. "రెండో గేరులో కారు పోతాది, డోర్లు రావు. మూడోది శానా మంచి గేరు. అందరూ కలిసి పోతారు."

వెనక వైపు బరువు కోసం డిక్కీలో రెండు కడప బండలు పెట్టాడు. అవి చాలలేదు. అప్పటినుంచి మామ మనుషులను చూసే చూపే మారిపోయింది. ఎదురుపడినవాడి కులం, మతం, హోదా ఆయన చూడడు, కిలోలు చూస్తాడు. కనుచూపుతోనే తూచేస్తాడు, అరకిలో తేడా రాదు. నేను లా కాలేజీ ప్రవేశ పరీక్షకు ఆ కారులోనే వెళ్లాను. నన్ను ఎగాదిగా చూసి, "యాభై కూడా లేవు. సదువుకునే పిల్లోళ్లు ఇట్లుంటే దేశం ఎట్ల ముందుకు పోతాది?" అని నాకు అటొకటి ఇటొకటి శనగల బస్తాలు కూర్చోబెట్టాడు. భారత రాజ్యాంగ పీఠికను ఆ బస్తాల మధ్య ఇరుక్కునే చివరిసారి చదువుకున్నాను.

బట్టల దుకాణం నారాయణ నూట పద్దెనిమిది కిలోలు. ఆ కారు వెనక సీటుకు దేవుడే కొలత తీసి పంపిన మనిషి. పెళ్లికైనా పరామర్శకైనా మామ ఆయనను బతిమాలి ఎక్కించుకునేవాడు. అలాంటి నారాయణ ఒకరోజు పొద్దున్నే కాన్వాస్ బూట్లు వేసుకుని షెడ్డు ముందునుంచి వడివడిగా నడుస్తూ కనిపించాడు.

"ఏంది నారాయణా, ఎవురన్నా తరుముకుంటాండారా?"

"లేదు భాయ్. డాక్టరు సన్నబడమన్నాడు. దినామూ నడుస్తాండా."

మామ ముఖం పాలిపోయింది. "నిన్ను బాగుచేసి నా కారును సంపుతాండాడే ఆ డాక్టరు! ఇంక మలుపుల కాడ నేను ఎవురిని నమ్ముకోవాల?"

ఆ సాయంత్రమే మామ భార్య మైమూన్ వండిన బిర్యానీ నారాయణ ఇంటికి చేరింది. ఆరు నెలలపాటు చేరుతూనే ఉంది. నారాయణ ఒక్క కిలో తగ్గలేదు. ఇందులో దురుద్దేశం ఉందని నేను నిరూపించగలను గానీ, బాధితుడు ఫిర్యాదు చేయడానికి ససేమిరా ఒప్పుకోవడం లేదు.

ఇంజన్ ఎత్తుకు బానెట్ మూసుకోలేదు. మామ దానికి గుండ్రంగా రంధ్రం కోసి, మైమూన్ బిర్యానీ వండే దేగ్చా మూత తెచ్చి పైన బిగించాడు. కారు కదిలితే ఆ మూత ఇంజన్ మోతకు తాళం వేసేది.

"అజీ, అది మాయమ్మ పెట్టిన దేగ్చా," అని మైమూన్ మొత్తుకునేది. "మూత నీ కారు నెత్తిన పెట్టినావు. గిన్నె యాడ పెట్టుకోవాల? నా నెత్తినా?"

"కొన్నాళ్లే, మైమూన్. ఇచ్చేస్తా."

"తొమ్మిదేండ్లాయ, కొన్నాళ్లంట!"

విడిభాగాల అంగడి మహేష్‌కు ఈ కారు వల్ల నిజమైన నష్టముంది. అది వీధిలో పోయినప్పుడల్లా అతని అలమరాల అద్దాలు గజగజలాడేవి. చివరికి విసిగిపోయి, చేతులు జోడించి షెడ్డుకు వచ్చాడు.

"భాయ్, ఈ ఫియట్‌దే ఒరిజినల్ ఇంజన్ నా కాడ ఉండాది. ఊరికే ఇస్తా. దుడ్లొద్దు, ఏమొద్దు. నువ్వు ఊ అను, నేనే మోసుకొస్తా."

"వద్దప్పా. దీనికి ఇదే అలవాటైంది."

"కారుకా, నీకా?"

మామ కారు మీదికి వంగాడు. ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, నాడి చూసే హకీములా కళ్లు మూసుకున్నాడు. ఏ ఇంజన్‌నైనా ఆయన పరీక్షించే పద్ధతి అదే. కానీ ఈ ఇంజన్ దగ్గర మాత్రం చెవి తీయడానికి ఎక్కువసేపు పట్టేది.

మరొక నియమం ఉంది. శుక్రవారం ఆ కారు ఎవరికీ ఇవ్వడు. ఎంత లావుపాటి మనిషి అడిగినా ఇవ్వడు. పొద్దున తొమ్మిదిన్నరకు ఒక్కడే డిక్కీలో అదనంగా మరో బండ వేసుకుని జమ్మలమడుగు పోయేవాడు. జుమ్మా నమాజు అక్కడే చదువుకుని తిరిగొచ్చేవాడు. ప్రొద్దుటూరులో ఇన్ని మసీదులుండగా అంత దూరం ఎందుకని ఎవరడిగినా నవ్వి ఊరుకునేవాడు.

"ఆడ ఇంకో సంసారం ఉండాదేమో," అని మైమూన్ మా అందరి ముందే అనేది. "ఉంటే ఉండనీ గానీ, ఆయమ్మను ఒక దేగ్చా మూత పంపమను."

ఇప్పుడు విచారణ విషయం. నేను పిటిషన్ మీద పిటిషన్ వేశాక, ఫిబ్రవరి 25న మాకు ఏడు నిమిషాలు కేటాయించారు. నేను నిమిషం వృథా చేయలేదు. రిజిస్ట్రేషన్ గడువు ఇంకా ఉందని చూపించాను. అనుమతి లేకుండా ఇంజన్ మార్చడం తప్పేనని, దానికి చట్టం జరిమానా చెబుతుందే తప్ప కారును కోయమని చెప్పదని వాదించాను. నాలుగు నిమిషాలు బాగానే గడిచాయి. ఐదో నిమిషంలో అధికారి మామ వైపు తిరిగాడు.

"ఫియట్‌లో వ్యాను ఇంజన్ ఎందుకు పెట్టినావు?"

"కారుకు కొంచెం ధైర్యం తక్కువగా ఉన్నింది సార్."

"తమాషాలొద్దు. ఈ ఇంజన్ ఎవరిది?"

మామ వేలికంటిన గ్రీజు తుడుచుకున్నాడు.

"నిన్నే అడిగేది. ఎవరిది? దొంగ ఇంజన్ అని రాసుకోమంటావా?"

"రాసుకోండి సార్. పెన్ను మీది, చెయ్యి మీది."

నేను ఆయన మోచేతిని గిల్లాను. ఆయన అధికారిని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, నా చెవిలో, "తొంభై రెండు. ఎనక సీటుకు బో సరిపోతాడు," అన్నాడు. ఏడు నిమిషాలూ అయిపోయాయి.

మెట్లు దిగుతుంటే నాకు కళ్లు కనిపించలేదు, అంత కోపం. ఇంజన్ ఎక్కడిదో చెప్పమంటే చెప్పడు, కాగితం ఉంటే ఇవ్వమంటే ఇవ్వడు. ఇలాంటి మనిషి కేసు ఎవరు గెలవగలరు? ఆ వారమే, ఫిబ్రవరి 28 శుక్రవారం, కారు లేకపోయినా ఆయన తొమ్మిదిన్నరకు జమ్మలమడుగు బస్సు ఎక్కుతూ కనిపించాడు. నేనూ ఎక్కాను. ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు, నన్ను చూడలేదు. దిగాక ఆయన వెనకే రెండు సందులు తిరిగాను.

మూడో సందులో ఒక ఆకుపచ్చ తలుపు ముందు ముప్పై ఐదేళ్ల స్త్రీ నిలబడి ఉంది. చేతిలో ఫోను. ఆమె పేరు నాజియా అని తర్వాత తెలిసింది. పదకొండు కావడానికి రెండు నిమిషాలుంది. మామ నన్ను అప్పుడే చూశాడు. దొంగతనం చేస్తూ దొరికినట్టు తడబడి, "పాపా, అడ్డం రావాకు. టైమయ్యింది," అని సందు అవతలి చివరికి పరుగెత్తాడు.

ఫోను మోగింది. నాజియా దాన్ని స్పీకరులో పెట్టి, చెయ్యి చాచి వీధిలోకి పట్టుకుంది.

సందు చివరినుంచి మెల్లగా ఒక చప్పుడు మొదలైంది. డగ్ డగ్ డగ్ డగ్. అరవై రెండేళ్ల అమీర్ బాషా, రెండు చేతులూ స్టీరింగు పట్టుకున్నట్టు ముందుకు చాచి, బుగ్గలు పూరించి, నోటితో డీజిల్ ఇంజన్ నడుపుకుంటూ వస్తున్నాడు. దూరంలో చిన్నగా ఉన్న చప్పుడు దగ్గరయ్యేకొద్దీ పెద్దదైంది. మధ్యమధ్య నాలుకతో దేగ్చా మూత కూడా మోగించాడు. రెండు కుక్కలు వెంటపడ్డాయి. ఎదురింటి అరుగు మీద శనగలు చెరుగుతున్న ఈశ్వరమ్మ చేట ఆపి, గొంతు తగ్గించి హెచ్చరించింది:

"బాషా భాయ్, గతుకు కాడ గేరు మార్చల్యా!"

మామ వెంటనే గేరు మార్చాడు. ఆకుపచ్చ తలుపును దాటాడు. చప్పుడు తగ్గుతూ తగ్గుతూ సందు ఇవతలి మలుపులో ఆగిపోయింది. తర్వాత వినిపించింది దగ్గు.

 ఫోనులో కువైట్ నుంచి ఒక మగ గొంతు, చాలా నిదానంగా, అంది:

"నాజియా, మామకు సెప్పు. నాలుగో సిలిండరు మిస్ కొడతాంది. నాజిల్ సూపించమను."

"సూపిస్తాలే!" అని మలుపు దగ్గరినుంచి మామ రొప్పుతూ అరిచాడు.

ఆ గొంతు మొయిన్‌ది, నాజియా భర్త. మైలవరం పక్క ఊళ్లలో పాలు పోయించుకుని జమ్మలమడుగు తెచ్చే వ్యాను పదకొండేళ్లు నడిపాడు; దాని రిపేర్లన్నీ మామ చేతిలోనే. పాల కేంద్రం మూతబడింది. వ్యాను తుక్కు వ్యాపారికి అమ్మి, తొమ్మిదేళ్ల కిందట డ్రైవరు వీసా మీద పోయాడు. ప్రతి పండుగకూ వస్తానంటాడు. ప్రతిసారీ అది వచ్చే పండుగ అవుతుంది. శుక్రవారం అతనికి సెలవు. ఆరోజు పదకొండుకు ఫోను చేసి, ఫియట్‌లో ఉన్న తన ఇంజన్ సందులో పోయే చప్పుడు వింటాడు.

"ఆడ ఆయప్ప తోలేది ఇంత పెద్ద కారంట అక్కా," అంది నాజియా. "ఏం లాభం? చప్పుడే రాదంట. బతికుండాదో సచ్చిందో దిగి సూడాలంట. ముందైతే మా వ్యాను చప్పుడు మలుపు కాడ వినపడితే నేను టీ పెట్టేదాన్ని. ఇప్పుడు కూడా శుక్రవారం పెడతాండా."

"ఎవరు తాగుతారు?"

"మామే. సక్కెర తక్కువైందంటాడు. ఆయప్పా అదే అనేటోడు."

మొయిన్‌కు ఆ చప్పుడు నోటిదని తెలుసా? నాజియాను సూటిగా అడిగాను. ఆమె గ్లాసు కడుగుతూ, "పదకొండేండ్లు ఆ ఇంజన్ తోలినోడక్కా," అని మాత్రం అంది. దీన్ని అవునని నమోదు చేయాలో కాదని నమోదు చేయాలో నాకు తెలియలేదు. సాక్ష్యం రెండు వైపులా సమానంగా ఉంది.

తిరుగు బస్సులో మామ కిటికీ బయటకు చూస్తూ చెప్పాడు. "ఇంజన్‌ను ఊరికే మూలన పెడితే బిగుసుకపోతాది పాపా. తిరుగుతాండాల. వాడు పోయిన దినమే తుక్కు అంగడికి పోయినా. నా స్కూటరు ఇచ్చి ఇంజన్ ఇప్పించుకున్నా. వాడు వచ్చినాక వ్యాను బాడీ యాడన్నా దొరుకుతాది. వాని ఇంజన్ యాడ దొరుకుతాది? అప్పుడు నా కాడ ఉన్నింది ఈ ఫియట్ ఒక్కటే. దాంట్లో పెట్టినా. సరిపోతాదా లేదా అని సూస్తే పనైతాదా?"

"ఆ మాట విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"ఇంజన్ నాదంటే అబద్ధం. వానిదంటే వాని పేరు కాగితాల్లోకి ఎక్కుతాది. కేసుల్లో పేరుంటే ఆడ వీసాకు ఏం తంటానో ఏమో. నాదే తప్పని పోనీలే అనుకున్నా."

"తుక్కు అంగడివాడు రసీదు ఇచ్చాడా?"

"ఇచ్చినాడు. నా పేరునే. షెడ్డులో డబ్బాలో ఉండాది."

నేను బస్సులోనే లేచి నిలబడ్డాను. కండక్టరు దిగేది ఇక్కడ కాదన్నాడు. రెండు వారాలుగా నేను వెతుకుతున్న ఒకే ఒక్క కాగితం, ఆయన పేరుతో, గ్రీజు డబ్బాలో! ఆయన మీద జీవితంలో అంత గట్టిగా అరవలేదు. ఆయన అంతా విని, "కోపంలో నువ్వు యాభై రెండు కిలోలు ఉంటావు పాపా, బాగుండాది," అన్నాడు.

షెడ్డు వెనక మిగిలిన ఎనిమిది బండ్లలో ఉన్న ఎనిమిది ఇంజన్లు ఎవరెవరివో నేను అడగలేదు. అవి కూడా ఎవరి కోసమో తిరుగుతూ ఉండి ఉంటాయి. కేసు ఒకటే చేపట్టాను; ఒకదానికే నాకు నిద్ర పట్టడం లేదు.

మొయిన్, నాజియాలకు చట్టం వివరించి, ఈ కేసు వల్ల అతని వీసాకు ఏ ఇబ్బందీ రాదని చెప్పి, వారి అనుమతితోనే పేర్లు రాస్తున్నాను. "రాయక్కా," అంది నాజియా, "కానీ మామ గొంతు పోతాందని గూడా రాయి." రాస్తున్నాను. ఇప్పుడు రంజాన్ నెల. ఆయన ఉపవాసం ఉంటున్నాడు. గుక్కెడు నీళ్లు తాగకుండా, ఎండిన గొంతుతో, మార్చి 7నా, 14నా, 21నా ఆ సందులో నాలుగు సిలిండర్లు నడిపాడు. మొన్న రెండే పలికాయి. మొయిన్ ఫోనులో ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నాజియాను భయపెట్టింది.

అందువల్ల, కారును లాక్కుపోయిన వారికీ, కోత తేదీ రాసి గేటుకు అంటించిన వారికీ, ఏడు నిమిషాల్లో విచారణ ముగించిన వారికీ నా డిమాండు. తుక్కు అంగడి రసీదు నకలు మీకు అందింది. ఆ ఇంజన్ దొంగది కాదని ఇప్పుడు మీకు తెలుసు. అనుమతి లేకుండా మార్చినందుకు చట్టం చెప్పిన జరిమానా విధించండి, కడతాం. అనుమతికి దరఖాస్తు పెడతాం, పరిశీలించండి. కోత ఉత్తర్వు రద్దు చేయండి. మార్చి 28, శుక్రవారం ఉదయం తొమ్మిదిలోగా కారును షెడ్డు ముందు దించండి. ఇంజన్ మీద ఒక్క గీత పడినా నేను మళ్లీ వస్తాను. ఇవేవీ మీ చేత కాకపోతే, నోటితో డీజిల్ ఇంజన్ చప్పుడు చేయగల అధికారి మీలో ఎవరో తేల్చి, లిఖితపూర్వక ఉత్తర్వులిచ్చి, అదే రోజు పదకొండు గంటలకల్లా జమ్మలమడుగు పంపండి. గేరు ఎక్కడ మార్చాలో ఈశ్వరమ్మ చెబుతుంది.